కరెంటు లేని పాట

హరినాథ్ మేడ మీద గదిలో, తడి గచ్చు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. ప్రాణం లేదు. కుడిచేతిలో రాగి తీగ. అరచెయ్యి మాడిపోయింది. పక్కన రేడియో.

చిత్తూరు కట్టమంచిలోని ఆ ఇంటికి ఏరియల్ తీగ లాగింది ఎలక్ట్రీషియన్ ఏబెల్. కిటికీ పక్క స్విచ్ బోర్డులో ఆ తీగ కరెంటుకు తగిలి ఉంది. ఇంకేం, తప్పు ఏబెల్‌దే అన్నారు. పొద్దున్నే స్టేషన్‌కు పట్టుకుపోయారు.

సాయంత్రం ఎస్ఐ రేవతి అతణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. ఇంజనీరింగ్ చదివి పోలీసైన మనిషి. ఆ చదువుతో ఇంతవరకూ స్టేషన్ ప్రింటర్ ఒక్కటే బాగుపడింది. ఏబెల్ భార్య ఎస్తేరు గేటు దగ్గరే నిలబడింది. రేపు రిమాండ్ అని ఆమెకు ఎవరో చెప్పేశారు.

కింద వరండాలో, మెయిన్ స్విచ్ పక్కనే మంచం వేసుకుని ఉండేది హరినాథ్ తమ్ముడి కొడుకు మునిప్రసాద్.

"తెల్లారుజామున యాడున్నావు?"

"ఈడే మేడమ్, మంచం మీద. పెద్దనాయన రేడియో ఇంటా ఉన్నాడు. దబ్బుమని సప్పుడు. పోయి సూస్తే పడిపోయి ఉండాడు."

"రేడియో నీకూ వినపడిందా?"

"వినపడకేం. సింహళం పాట. దినామూ అదే గోల. ఆయన పడేదాకా బాగా వచ్చింది."

"అప్పుడు కరెంటు?"

"ఉండాది. పైన లైటు యెలుగుతానే ఉన్నింది."

రేవతి ఏబెల్ వైపు తిరిగింది. "ఈ పాత సెట్టే ఎందుకప్పా కొన్నాడు?"

"నన్ను తోడు పిలుచుకుని పోయి అంగట్లో ఉండేవన్నీ తిప్పి సూసినాడు మేడమ్. నా తల తినేసినాడు. లోపల స్టేషన్ పట్టే ఫెర్రైట్ కడ్డీ పొడుగ్గా ఉండాల, ప్లగ్గు వద్దు, సెల్లుల మీద నడవాల అన్నాడు."

పొద్దుగూకింది. రేవతి మెయిన్ ఆపించి, ఇద్దర్నీ మేడ మీది గదిలోకి తీసుకుపోయింది. బోర్డులోంచి ఊడదీసిన తీగను రేడియో చుట్టూ తిప్పి, ఆన్ చేసింది. సముద్రం అవతలి నుంచి సన్నగా ఒక ఆడగొంతు.

"మెయిన్ వెయ్యి" అని కిందున్న కానిస్టేబుల్‌కు కేకేసింది.

ఎల్ఈడీ బల్బు వెలిగింది. రేడియో బుర్రుమంది. పాట ఆ రొదలో మునిగిపోయింది.

"సూసినావా ప్రసాద్? బల్బులూ చార్జర్లూ పని చేస్తుంటే దూరపు ఏఎమ్ స్టేషన్ బతకదు. అందుకే ఆయన దినామూ మెయిన్ ఆపి వినేవాడు. ఆ ధైర్యంతోనే తీగ చేత్తో పట్టుకుని సర్దేవాడు. నువ్వు పాట విన్నావంటే మెయిన్ ఆఫ్‌లో ఉన్నట్టు. అలాంటప్పుడు మనిషి చావడు. మెయిన్ ఉండేది నీ తలకాడ. వేసిందెవరు?"

మునిప్రసాద్ మెట్ల వైపు జరిగాడు. రేవతి అడ్డం వచ్చింది.

"తీగను బోర్డులోకి తోసిందెవరు?"

మునిప్రసాద్ గచ్చు మీద కూలబడ్డాడు. "ఇల్లు కాణిపాకంలో సత్రానికి రాసేస్తానన్నాడు. నేను యాడికి పోవాల మేడమ్?"

 అతని చేతులకు బేడీలు పడ్డాయి.

ఏబెల్‌ను వదిలేశారు. ఎస్తేరు గేటు వదిలి రాలేదు.

"ఇంటికి పోవచ్చమ్మా" అంది రేవతి.

"జీపులో ఎక్కించింది వీధి వీధంతా సూసినాది మేడమ్. ఇడిసిపెట్టింది ఎవురు సూస్తారు? ఇంక పనికి ఎవురు పిలుస్తారీయన్ని?"

రేవతి డ్రైవర్‌ను పిలిచింది. మునిప్రసాద్‌కు వేరే బండి తెప్పించమంది. జీపు ముందు సీటు తలుపు తనే తీసి, ఏబెల్‌ను ఎక్కమంది.

"వాళ్ల వీధిలోకే పోనీ. మెల్లగా."