నాడి చూసిన భర్త, స్కాన్ తీసిన కూతురు

షావోషింగ్ పట్నంలోని పాతవీధిలో చ్యూ బోహెంగ్ ఎప్పటిలాగే పొద్దున్నే వైద్యశాల తలుపులు తీశాడు. మణికట్టుమీద మూడు వేళ్లు ఆనించి, నాలుక చూసి, రోగమేమిటో చెప్పడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. మేడమీద వంటింట్లో భార్య సూచింగ్ బియ్యపు జావ కాస్తోంది.

కూతురు రూయిలాన్ అదే ఊళ్లో పెద్దాసుపత్రి డాక్టరు. ఈ ఇంటి గడప తొక్కి మూడేళ్లయింది. "నీ వేళ్లకి కళ్లున్నాయా నాన్నా?" అని ఆమె, "నీ మిషన్లకి మనిషి కనపడతాడా?" అని ఆయన. ఆ రోజు గిన్నెలు ఎగిరాయి. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా మాటలు మోసేది సూచింగే.

అలాంటిది రూయిలాన్ ఆ ఉదయం చెప్పులైనా విప్పకుండా పైకొచ్చింది. వెనకే బోహెంగ్ కూడా మెట్లెక్కాడు.

"నిన్న అమ్మ చేపల బజార్లో పడిపోతే ఎవరో మా ఆసుపత్రికి తెచ్చారు. నేనే స్కాన్ తీయించాను. ఇదిగో రిపోర్టు. కడుపులో గడ్డ నాన్నా! కాలేయం దాకా పాకింది. రోజూ పక్కనే పడుకునే నాడి వైద్యుడివి, నీకు తెలియలేదా?"

"తెలిసింది" అన్నాడు బోహెంగ్.

రూయిలాన్ రిపోర్టు కిందికి దించింది.

"ఆర్నెల్ల కిందట వసంత పండుగ దాటిన వారానికే తెలిసింది. నాడి తీగలా బిగుసుకుంది. నాలుక అంచులు నీలం తిరిగాయి. వెళ్లి అమ్మాయి దగ్గర పరీక్షలు చేయించుకో అని నా నోటితో నేనే పంపాను. అన్నీ బాగున్నాయని నువ్వన్నట్టు మీ అమ్మ వచ్చి చెప్పింది. నా వేళ్లే ముసలివైపోయాయనుకున్నాను."

"పరీక్షలకి నా దగ్గరికి రానేలేదు! చిక్కిపోయావు, స్కాన్ తీద్దాం రమ్మని ఎన్నిసార్లు పిలిచానో! నాన్న నాడి చూశాడు, ఏమీ లేదన్నాడు అంది. నేను... నమ్మాను."

ఇద్దరూ సూచింగ్ వైపు తిరిగారు. ఆమె గరిటె కింద పెట్టింది.

"ఏం చెప్పమంటారు? నాడి గెలిస్తే నువ్వు అమ్మాయిని ఎగతాళి చేస్తావు. మిషన్ గెలిస్తే అమ్మాయి నిన్ను కడిగేస్తుంది. నా రోగం మీకో పందెం. మీ రెండో గొడవ చూసే ఓపిక నాకు లేదు ముసలాయనా. అదే తగ్గుతుందిలే అనుకున్నా."

"నేనే వెంటబెట్టుకుని వెళ్లాల్సింది" అన్నాడు బోహెంగ్. కూతురి వైపు తిరిగాడు. "అక్కడ నీ మొహం చూడాల్సొస్తుందని మానేశాను."

"నేనైనా నీకొక్క ఫోన్ చెయ్యలేదు నాన్నా. అప్పుడైతే ఆపరేషన్‌కి వీలుండేది."

"ఇప్పుడు?"

రూయిలాన్ తల అడ్డంగా ఊపింది. బోహెంగ్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. రూయిలాన్ వచ్చి ఆయన పక్కనే నేలమీద కూర్చుంది.

"నొప్పికి మా దగ్గర మందులున్నాయి. ఆకలి పుట్టడానికి, నిద్ర పట్టడానికి నీ దగ్గరేమైనా ఉంటే... ఇద్దరం కలిసి చూద్దాం నాన్నా."

"ఉన్నాయి. రేపు ఆసుపత్రికి నేనూ వస్తాను" అన్నాడు ఆయన, కూతురి చెయ్యి పట్టుకుని.

అంతవరకూ కన్నీటిచుక్క రాల్చని సూచింగ్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంది.

"ఈ ఒక్క మాట మీరిద్దరూ వసంతంలో అనుకుని ఉంటే, నేను బతికేదాన్ని కదే" అంది.