వీరేంద్రకి జామీను

"సబ్‌ప్రైమ్ అంటే ఏటండీ? తిట్టా?"

బండ్ల ఫైనాన్స్ ఆఫీసులో వెంకటదుర్గ కంప్యూటర్ మీంచి తలెత్తింది. బయట నర్సీపట్నం బజారంతా వానలో తడుస్తోంది. ఎదురుగా కోటవురట్ల కుర్రాడు వీరేంద్ర, తడిసి ముద్దయి నిలబడ్డాడు. కొండ మీంచి అనాసపళ్ళు దింపడానికి ట్రాలీ ఆటో కొంటానని లోనుకొచ్చాడు.

"తిట్టు కాదండీ. పాత అప్పుల్లో కిస్తీలు తప్పినవాళ్ళని అలా అంటారు. మళ్ళీ ఇస్తే తిరిగొస్తుందో లేదోనని కంపెనీకి భయం. అందుకే వడ్డీ ఎక్కువ, పైగా జామీను కావాలి."

"అమ్మకి ఆపరేషనైనప్పుడు బైకు కిస్తీలు తప్పీసాను. అది ఉందేటి మీ కంప్యూటర్లో?"

"తప్పారని ఉందండీ. ఎందుకు తప్పారో లేదు."

ఆ మాటన్నాక దుర్గకే మనసు చివుక్కుమంది.

చివరికి అతని మేనమామ దేవుళ్లు జామీనున్నాడు, లోను వచ్చింది. ఇక చూడండి! ప్రతి నెలా గడువుకి ముందే కౌంటర్ దగ్గర వీరేంద్ర ప్రత్యక్షం.

"ఫోన్లో కట్టెయ్యొచ్చు కదండీ?"

"ఫోన్లో కడితే మీరెలా కనిపిస్తారండీ?"

"అబ్బో, మాటలు బాగానే నేర్చారు!"

పైకి విసుక్కునేది గానీ, నెల మొదలైతే చాలు, ఆమె చూపు వీధిలోకి పరిగెత్తేది. అతనంటే ఇష్టమని తనకి తెలుసు. నాన్నకి చెప్పడానికే భయం.

ఆ పని అతనే చేశాడు. ఓ ఆదివారం మేనమామని వెంటబెట్టుకుని పిల్లనడగడానికి ఇంటికే వచ్చేశాడు. దుర్గ తండ్రి జగదీశ్వరరావు బెల్లం వ్యాపారి. ఆరా తీయకుండా ఎవరికీ ఒక్క అచ్చు బెల్లమైనా అరువివ్వడు. ఆయన కాదన్నాడంటే ఇక అంతే.

"నీ గురించి ఎవర్నడగాలి బాబూ?"

"మీ అమ్మాయినే అడగండి. నన్ను సబ్‌ప్రైమ్ అన్నాది తనే."

దుర్గ అతనివైపు గుడ్లురిమింది. ఈ మహానుభావుడికి ఇప్పుడే గుర్తురావాలా ఆ ముక్క!

"అంటే ఏటే?" తండ్రి ఇటు తిరిగాడు.

అబద్ధం చెప్పి గట్టెక్కొచ్చు. ఆమెకి నోరు రాలేదు.

"పాత అప్పులో కిస్తీలు తప్పాడు నాన్నా. వాళ్ళమ్మ ఆపరేషనప్పుడు. మా దగ్గర మాత్రం ఒక్కటీ తప్పలేదు."

"తప్పినోడికి అప్పెలాగిచ్చారే?"

"ఇస్తారు. వడ్డీ ఎక్కువేస్తారు, జామీను అడుగుతారు."

"మరి ఈడికి పిల్లనిస్తే, జామీనెవరుంటారు?"

దుర్గ తలెత్తింది.

"నేనుంటాను నాన్నా."

దేవుళ్లు "హమ్మయ్య, నా బరువు దిగిపోనాది" అన్నాడు.

జగదీశ్వరరావు మీసాల చాటున నవ్వు దాచుకున్నాడు.

"సరే. వడ్డీ ఎక్కువన్నావు కదా! పెళ్ళయ్యాక ఆదివారం ఆదివారం ఇద్దరూ వచ్చి ఇక్కడే బోయినం సెయ్యాల. ఒక్క వారం తప్పినా ఊరుకోను."

"శనివారమే వచ్చీస్తానండీ" అన్నాడు వీరేంద్ర, దుర్గనే చూస్తూ.