సాల్వెంట్ షెడ్డులో పానా చప్పుడు

చిలకలూరిపేట దాటి ఎడ్లపాడు వైపు పోతుంటే పత్తిగింజల నూనె మిల్లు ఒకటి వస్తుంది. దాని వెనకాల సాల్వెంట్ షెడ్డు — పెట్రోలులా భగ్గుమనే ద్రవంతో గింజల్లో మిగిలిన నూనె లాగే చోటు. పొద్దుగూకాక అందులోకి ఒంటరిగా ఎవరూ పోరు. కొన్నేళ్ళ కిందట అక్కడ మంటలు లేచి, రామయ్య అనే ఎలక్ట్రీషియన్ కాలిపోయాడు. మంట ఎందుకు లేచిందో ఎవరికీ అంతుబట్టలేదు. చీకట్లో ఎవరో పానా తిప్పుతున్న చప్పుడు వస్తుందని చెప్పి, వాచ్‌మన్లు ఒకరి తర్వాత ఒకరు పని మానుకున్నారట.

మిల్లులో పాత ఎలక్ట్రీషియన్ జయపాల్ ఆ మాటలకు నవ్వేవాడు. అతనికి దెయ్యాల బెంగ లేదు. ఉన్న బెంగంతా నౌషాద్ గురించే.

నౌషాద్‌కు పానా పట్టడం నేర్పింది జయపాలే. అలాంటివాడు ట్రైనింగుకు పోయి, పేలుడు ప్రమాదమున్న చోట వాడే లైట్లూ మోటార్లూ చూసే పని నేర్చుకొచ్చాడు. ఓనరు మురళీధర్ షెడ్డంతా అతని చేతిలో పెట్టాడు. జయపాల్ ఏం చెప్పబోయినా, "నౌషాద్‌ని ఒకమాట అడుగు" అనడం మొదలుపెట్టాడు.

టీకొట్టు దగ్గర అయితే మరీ...

"ఏంది జయపాలన్నా, శిష్యుడు కుర్చీ ఎక్కాడు, నువ్వింకా నిచ్చెనే ఎక్కుతున్నావు?"

అందరూ నవ్వారు. జయపాలూ నవ్వాడు. ఇంటికిపోతే ముద్ద దిగలేదు.

చెడ్డవాడు కాదు. పరాయి సొమ్ము ముట్టడు, తాగడు. కానీ సాటివాడి మేలు చూసి కుళ్ళుకునే మనిషి తాను నీతిగా ఉన్నానని అనుకోకూడదు.

మర్నాడు షెడ్డు చూసి భద్రతా సర్టిఫికెట్ ఇచ్చే సార్లు వస్తున్నారు. మిల్లు ఆపినా ఆ షెడ్డులో సాల్వెంట్ ఆవిరి పోదు. అందుకే అక్కడి లైటు దళసరి ఇనప పెట్టెలో ఉంటుంది. లోపల నిప్పురవ్వ పుట్టినా ఆ పెట్టె బయటికి రానివ్వదు. మూత చుట్టూ బోల్టులన్నీ బిగించి ఉంటేనే అది పనికొస్తుంది. ఒక్కటి లేకపోయినా సర్టిఫికెట్ రాదు. నౌషాద్ తల దించుకోవాలి.

ఒక్కటి చాలు — అనుకున్నాడు జయపాల్.

ఆ రాత్రి రవ్వ లేవని ఇత్తడి పానా తీసుకొని షెడ్డులోకి పోయాడు. ఎవరైనా చూస్తారని టార్చి వెయ్యలేదు. తడుముకుంటూ గోడకున్న పెట్టె దగ్గరికి చేరి, ఒక బోల్టు విప్పి జేబులో వేసుకున్నాడు. వెనక్కి తిరిగాడు...

క్ర్... క్ర్... క్ర్...

పానా చప్పుడు. పెట్టె అవతలి పక్క నుంచి!

తన చేతిలో పానా కదలడం లేదు. చేత్తో మూత అంచు తడిమాడు. బోల్టు ఉండాల్సిన చోట కన్నం. దాని పక్కన — ఇంకో కన్నం. ఆ పక్కన... వేళ్ళు తగిలాయి. మనిషి వేళ్ళు. పెనంలా కాలుతున్నాయి.

"ఒక్కటి తీస్తే ఏం సరిపోద్ది?" గుసగుసగా వినపడింది. "ఈ పక్క నేను చూస్తాలే..."

మూత జారింది. ఇనుము నేల మీద పడితే రవ్వ లేస్తుంది! రెండు చేతులా మూతను పెట్టెకు అదిమి పట్టుకొని నిలబడిపోయాడు.

ఎంతసేపో తెలియదు... బయట అడుగుల చప్పుడు.

"ఎవరయ్యా లోపల?" నౌషాద్ గొంతు.

"నేను..."

"జయపాలన్నా! నువ్వా? గుండె ఆగినంత పనయింది. పొద్దున సార్లు వస్తారని నాకు నిద్ర పట్టలా. నువ్వూ అందుకే వచ్చావా? నా కోసం?" ఆ గొంతులో చానా ప్రేమ. "బోల్టులు చూశావా అన్నా? అన్నీ ఉన్నాయా? ఉంటే చెప్పు, ఇక్కడ స్విచ్ వేస్తా."

జయపాల్ చెవికి సెగ తగిలింది.

"ఉన్నాయని చెప్పు... నేనూ అట్టాగే చెప్పా."

ఆనాడు రామయ్యను కాల్చిన మంట ఎందుకు లేచిందో జయపాల్‌కు అప్పుడు అర్థమైంది.

ఉన్నాయంటే పరువు దక్కుతుంది. లేవంటే రేపటి నుంచి ఎవరికీ మొహం చూపించలేడు. చెప్పుకోవడానికే సిగ్గు — ఆ క్షణంలో కూడా అతని లోపల ఎక్కడో, 'అంతా కాలిపోనీ' అనిపించింది!

"వెయ్యొద్దురా!" అని అరిచాడు. "నేనే తీశా! నీ పేరు చెడగొట్టాలని నేనే తీశా!"

నౌషాద్ లోపలికి వచ్చాడు. నడుముకున్న, షెడ్డులో వాడే రవ్వ లేవని టార్చి తీసి పెట్టె మీద వేశాడు. మూత వైపు చూశాడు. జయపాల్ మొహం వైపు చూశాడు.

"ఎన్ని తీశావన్నా?" మెల్లగా అడిగాడు.

"ఒకటే. జేబులో ఉంది. ఒట్టు, ఒకటేరా!"

నౌషాద్ టార్చి కిందికి దించాడు. జయపాల్ కాళ్ళ దగ్గర, గచ్చు మీద, మిగతా బోల్టులన్నీ ఒక వరసలో పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ మసిబారి ఉంది.

నౌషాద్ వంగి ఒకటి తీయబోయి — "అబ్బా!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

అవి ఇంకా కాలుతున్నాయి.