మొదటి ముద్దతో

ఆ ఉదయం కూడా నాన్న ఎప్పటిలాగే తన క్షౌరశాల షట్టరు ఎత్తబోయాడు. సగం లేచిన షట్టరు మొరాయించింది. గట్టిగా గుంజేసరికి పట్టు జారి, కుడిచెయ్యి నేలకు ఆనించి కూలబడ్డాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. స్కూలుకు బయల్దేరిన గువ్వ ముందు షట్టరే విరిగిందనుకుంది. తీరా చూస్తే నాన్న మణికట్టు.

ఆయన కడుపులోని క్లోమగ్రంథిని తీసేసి ఏడాది దాటింది. అప్పట్నుంచి పూటపూటా ఇన్సులిన్ సూది, తిండి అరగడానికి మాత్రలు.

కట్టు కట్టిన డాక్టరమ్మ, అంత చిన్న దెబ్బకే విరిగిందంటే ఎముకలు బాగా పలచబడ్డాయంది. క్లోమం లేనివాళ్ళకు తిన్నదాంట్లోని కొవ్వు అరగాలన్నా, దాంతోపాటు ఎముకలకు కావలసిన విటమిన్ డి ఒంటబట్టాలన్నా ఆ మాత్రలే ఆధారమట. అవి ఎప్పుడు వేసుకుంటున్నారని అడిగింది.

"భోజనం అయ్యాక, గదిలోకి వెళ్ళి."

"అయ్యాక వేసుకుంటే తిండిదో దారి, మాత్రదో దారి. మొదటి ముద్దతో మొదలుపెట్టి తింటూ వేసుకోవాలి కదా."

గువ్వ కళ్ళు నేలను అంటుకుపోయాయి.

పోయిన వానాకాలం ఆమె స్నేహితురాలు, బ్యాంకు మేనేజరు గారి అమ్మాయి, భోజనానికి వచ్చింది. నాన్న కంచం ముందు మాత్రల సీసా తెరవగానే గువ్వ ఆయన చెవిలో, అందరి ముందూ ఇవేంటి నాన్నా, పరువు తీస్తున్నావని విసుక్కుంది. ఆయన నవ్వి సీసాను జేబులో వేసుకున్నాడు. ఆ మర్నాటి నుంచి ఎవరున్నా లేకున్నా, తినేశాక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోవడమే. కొత్త పెళ్ళికొడుకులా ఆ సిగ్గేంటో అని అమ్మ వేళాకోళం చేసేది. గువ్వ కూడా నవ్వేది.

ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేదాకా అమ్మ నోరు బిగబట్టుకుంది.

"ఆపరేషన్ చేసినవాళ్ళు నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపారట కదయ్యా. ఎందుకిలా చేశావ్?"

"బద్ధకం."

"తెల్లారకముందే లేచి కత్తెరలు నూరే మనిషికి బద్ధకమా?"

"పోనీ, మతిమరుపు అనుకో."

ఇంత జరుగుతున్నా ఆయన పొరపాటున కూడా గువ్వ వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. ఆ చూడకపోవడమే ఆమెను కోసేసింది.

"నేనే వద్దన్నానమ్మా."

"చిన్నపిల్ల, ఏదో అంది లేవే," అన్నాడు నాన్న.

"నువ్వాగు," అని అమ్మ గువ్వ వైపు తిరిగింది. "ఎందుకన్నావే?"

"సిగ్గేసి."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఇంకా సిగ్గేస్తోంది."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి, కొళాయి విప్పి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

ఆదివారం ఆ స్నేహితురాలు నాన్నను చూడ్డానికి వచ్చింది. అమ్మ అందరికీ వడ్డించింది. నాన్న అలవాటు కొద్దీ జేబు తడుముకున్నాడు గాని సీసా బయటకు తీయలేదు. గువ్వ లేచి, ఆ జేబులో చెయ్యి పెట్టి సీసా తీసి, మూత విప్పి, మాత్రలు ఆయన కంచం అంచున పెట్టింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మా నాన్నకి ఇవి లేకపోతే తిన్నది ఒంటికి పట్టదు," అంది స్నేహితురాలితో. "ఆ రోజు నువ్వున్నావని నేనే దాచమన్నాను. అందుకే ఎముకలు అలా అయ్యాయి."

ఆ అమ్మాయి కంచంలో అన్నాన్ని వేలితో అటూ ఇటూ జరిపింది. తర్వాత నెమ్మదిగా, "మా తాతయ్య పళ్ళసెట్టు తీసి గ్లాసులో వేసి పక్కనే పెట్టుకుని తింటాడు. అందుకే నేను నిన్నెప్పుడూ మా ఇంటికి పిలవలేదు," అంది.

ముందు అమ్మే నవ్వింది. నాన్న నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఎడంచేత్తో చెంచా ఎత్తి, నోటిదాకా తెచ్చి ఆగాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి గువ్వ వైపు చూశాడు.

ఆమె తల దించుకోలేదు.

"మాత్ర, నాన్నా," అంది.