నీలం పేటలో ఎర్ర చుక్క

బావను తూటా చంపిందంటున్నారు. కాదు, పెద్ద ఆఫీసర్లూ, మీరే చంపారు! రైలు సిగ్నళ్ల సాఫ్ట్‌వేర్ మొత్తం ఆయనొక్కడి బుర్రలోనే ఉంది. "అందరికీ అర్థమయ్యేలా మ్యాపు గీస్తాను, టైమివ్వండి" అని ఆయన మొత్తుకుంటే, "బొమ్మలేసుకోడానికా జీతం?" అని నవ్వారు. శత్రువుకు పని తేలికైంది. ఒక్క బుర్ర పేల్చాడు, సరిపోయింది.

లోలోపల ఇలా తిట్టుకుంటున్న ఆయన బామ్మర్ది సీక్రెట్ ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో పేరు ఉడుత. శ్మశానం నుంచి నేరుగా కంట్రోల్ రూమ్‌కి వచ్చాడు, ఏసీ మెకానిక్ వేషంలో. ఏడుపు రాలేదు. చేతిలో గ్యాస్ సిలిండర్ బరువు కూడా తెలియలేదు.

చెవిలో చీఫ్ గొంతు. "విదేశీ ముఠా కోడ్‌లో బాంబు పెట్టింది. ఎక్స్‌ప్రెస్ వంతెనెక్కగానే ఎదురు రైలుకూ పచ్చ లైటే. ఆపమందామంటే రేడియోలు జామ్ చేశారు."

"అందులో మా అక్క ఉంది సార్. బావ కబురు విని వస్తోంది, దహనానికి అందలేదు." వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

లోపల మన మనిషే ఉంది. కోడ్ నేమ్ నెమలి. మెడలో ముత్యాలు, చేతిలో లిప్‌స్టిక్.

"కొత్త కోడంతా జల్లెడ పట్టాను తమ్ముడూ, క్లీన్. పాతదాని జోలికి మాత్రం పోకు. ఇక్కడ దాన్నెవరూ ముట్టుకోరు. పాత గోడ కదిపితే ఇల్లే కూలుతుంది."

ఉడుత స్క్రూడ్రైవర్ పిడి విప్పి, అందులోని చిప్ కంప్యూటర్‌కు గుచ్చాడు. బావ సెలవు రోజుల్లో రాసుకున్న ప్రోగ్రాం అది. స్క్రీన్ మీద ఊరు లేచింది. ఒక్కో ఫైలు ఒక్కో ఇల్లు. ఏ ఫైలు దేన్ని పనికి పిలిస్తే వాటి మధ్య దారి. ఈమధ్య మార్చినవి ఎరుపు, ఏళ్లుగా ముట్టనివి నీలం.

పాతపేటంతా నీలం. నడుమ ఒకే ఒక్క ఎర్ర ఇల్లు. దాన్నుంచి ఒకటే దారి, వంతెన సిగ్నల్‌కి.

"ఎవరూ ముట్టుకోరన్నారుగా మేడం. మరి ఇల్లు కట్టిందెవరు?"

లిప్‌స్టిక్ మూత ఊడింది. లోపల పిస్టల్ గొట్టం. ఉడుత సిలిండర్ ఆమె వైపు తిప్పి వాల్వు విప్పాడు. గ్యాస్ మొహాన కొట్టేసరికి తూటా పైకప్పుకి తగిలింది. ఆమె కూలబడేలోగా అతను ఆ దారి తెంచేశాడు.

గోడ మీది పెద్ద తెరలో వంతెన సిగ్నల్ ఎర్రబడింది. ఎక్స్‌ప్రెస్ వంతెన అంచున ఆగింది.

"శభాష్ ఉడుతా! మెడల్ ఇప్పిస్తా!"

"మెడలొద్దు సార్. రేపట్నుంచి ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ మ్యాపు గీయించండి. అందరికీ కనబడేలా గోడకి తగిలించండి. ఈసారి చంపించుకోడానికి మా ఇంట్లో ఇంకో బావ లేడు."