జేబులో కాగితం

బట్టలు నానబెట్టే ముందు అందరి జేబులూ తిప్పి చూడడం శ్యామలకు అలవాటు. భర్త బాలమల్లు ప్యాంటులో తంబాకు పొట్లం, కూతురు నవ్యశ్రీ కుర్తాలో జుట్టు రబ్బర్లు, పెన్ను మూతలు దొరుకుతుంటాయి. ఆ రోజు పొద్దున కుర్తా జేబులో మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది.

బాలమల్లు మొదటి షిఫ్టుకు బొగ్గు బాయి మీదికి వెళ్ళిపోయాడు. నవ్య ఎప్పటిలాగే గ్రౌండుకు పోయి వచ్చి, స్నానం చేసి, లైబ్రరీకని బయలుదేరింది. శ్రీరాంపూర్ కాలనీలో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. క్వార్టర్ వెనక నీళ్ళ పొయ్యిలో బొగ్గు ఇంకా ఎర్రగానే ఉంది.

శ్యామల తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని కాగితం విప్పింది. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలైతే కూడబలుక్కుని చదువుతుంది. పైన 'టైగర్' అని ఉంది. దాని కింద 20, 9, 7, 5, 18 అని అంకెలు. రెండో వరుసలో ఇంకో మాట. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. 'ఫారెస్ట్'. దాని కింద అంకెలు లేవు. ప్రశ్న గుర్తు ఒక్కటే ఉంది.

అడవి. ఆ మాట మీద ఆమె వేలు ఆగిపోయింది.

కొన్నాళ్ళుగా మనసులో ముల్లులా గుచ్చుతున్నవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పళ్ళు తోముకుంటూ నవ్య "ఈజోటీ, ఈజోటీ" అని గొణుక్కుంటుంది. అదెవరి పేరని అడిగితే నవ్వేసి పోతుంది. మొన్న ఫోనులో ఎవరితోనో "నువ్వు పంపిన కోడ్ విప్పిన. ఇగ నేనొకటి పంపుత, విప్పు చూద్దాం" అంది. అడిగితే బ్యాంకు పరీక్ష అంది. బ్యాంకులో పులులతో, అడవులతో ఏం పని?

వేళ కాని వేళ బాయి సైరన్ మోగినట్టయింది శ్యామలకు. కూతురి గదిలోకి పోయి బీరువా తలుపు తీసింది. తలుపు లోపలివైపు పొడుగు కాగితం అతికించి ఉంది, దాని నిండా అక్షరాలు, అంకెలు, బాణం గుర్తులు. పరుపు కింద ఇంకా కొన్ని. అన్నీ అవే.

ఆమె ఇక ఆలోచించలేదు. అన్నీ ఒడిలో వేసుకుని పెరట్లోకి వచ్చి, నీళ్ళ పొయ్యి ముందు కూర్చుని, ఒక్కొక్కటే లోపలికి తోసింది. ఆఖరి కాగితం బూడిదయ్యేదాకా అక్కణ్ణించి లేవలేదు. ఎవరైనా చూశారేమోనని గోడ మీదుగా రెండు పక్కలా చూసింది.

షిఫ్టు దిగి బాలమల్లు ఇంటికొచ్చేసరికి నవ్య కూడా వచ్చింది. వచ్చీరాగానే బీరువా తెరిచింది.

"అవ్వా, గీడ అతికిచ్చిన కాయితం ఏది?"

శ్యామల పొయ్యి మీంచి అన్నం గిన్నె దించింది.

"అవ్వా, నిన్నే. పరుపు కిందియి గూడ లేవు. ఎల్లుండి ఆయితారం నాకు పరీక్ష. ఎక్కడ పెట్టినవ్ జర చెప్పు."

"పొయ్యిల ఏసిన."

నవ్య నవ్వబోయింది. తల్లి ముఖం చూసి ఆగిపోయింది. "పొయ్యిలనా? ఎందుకు?"

"ఎందుకా? గా ఈజోటీ ఎవడు? అడివి గురించి నీకు కాయితాలు పంపేటోడు ఎవడు? నిజం చెప్పు బిడ్డా. ఇంకా ఎవ్వలకు తెల్వకముందే చెప్పు."

"ఈజోటీ మనిషి గాదే అవ్వా! ఐదు, పది, పదిహేను, ఇరువై, ఇరువైఐదు... ఆ నంబర్లకు వచ్చే అక్షరాలు. యాదుంచుకోనీకి అట్ల కలిపి చదువుకుంటం. ఫోన్ల ఉన్నది తిరుమల, నాతోని లైబ్రరీకి వచ్చే పిల్ల. పులికి ఏ అంకెలు వస్తయో ఇస్తరు, అడివికి ఏం వస్తయో మనం చెప్పాలె. అంతే. రీజనింగ్ అంటరు దాన్ని."

"బ్యాంకోళ్ళు పులులను ఎందుకు అడుగుతరే?"

నవ్య తండ్రి వైపు చూసింది. బాలమల్లు చేతిలోని నీళ్ళ చెంబు కింద పెట్టాడు. ఆ చూపును శ్యామల పట్టేసింది.

"ఏందయ్యా? మీ ఇద్దరి నడుమ ఏమున్నది?"

"బ్యాంకు గాదు శ్యామలా," అన్నాడు బాలమల్లు మెల్లగా. "కానిస్టేబులు పరీక్ష. మొదటిది పాసైంది. ఉరుకుడు గూడ పాసైంది. పొద్దుగాల గ్రౌండుకు పోయేది గందుకే. గీ ఆఖరి పరీక్ష ఒక్కటే ఉన్నది. నీకు చెప్తే పరేషాన్ అయితవని..."

శ్యామల గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "పోలీసా? నా కడుపుల పుట్టి పోలీసయితవా? మీ మామ చెయ్యి చూసినవా నువ్వు?"

"చిన్నప్పటి సంది చూస్తున్న. ఎడ్లబండి మీదికెంచి పడ్డడని మీరే చెప్తిరి గదా."

"బండి మీదికెంచి పడలే."

ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. శ్యామల చెప్పింది. చెబుతూ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. అప్పటికి ఆమెకు పెళ్ళి కాలేదు. తల్లిగారి ఊరు అడవి అంచున ఉండేది. అన్న పర్శరాములు ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కల్లంలో లెక్క రాసేవాడు. ఆకు కట్టలు తెచ్చేవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతుంటే పేర్లన్నీ పూర్తిగా రాయడానికి తీరిక ఉండదు. అందుకని పేరులోని మొదటి అక్షరం, పక్కన కట్టల అంకె వేసుకునేవాడు. పొద్దుగూకినాక పెద్ద పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఒకనాడు ఇంటికొచ్చే దారిలో పోలీసులు ఆపారు. జేబులో కాగితం దొరికింది. అక్షరాలు, అంకెలు. అడవిలో ఉన్న నక్సలైట్లకు చేరవేసే రహస్య గుర్తులనుకున్నారు.

"ఆకు లెక్క సారూ, ఆకు లెక్క సారూ అని మొత్తుకున్నడంట. ఎవ్వలు ఇనలే. ఠాణాకెంచి ఇడిచిపెట్టినంక మా అవ్వ, నేను పోయి తీసుకొచ్చినం. రాసే చెయ్యినే ఇరగ్గొట్టిండ్రు. మళ్ళ ఆ చేతి వేళ్ళు ముడుసుకోలే." శ్యామల ముక్కు చీదింది. "ఆ కాయితం నీ జేబుల చూసినంక నాకు కండ్లు కనపడలే. నువ్వేమో గా బట్టలే తొడుక్కుంటనంటవు."

నవ్య వచ్చి తల్లి పక్కన కూర్చుంది. "నువ్వు వద్దంటే పోను" అంది.

"వద్దు," అంది శ్యామల.

బాలమల్లు ఏదో అనబోయి, కూతురు కళ్ళతోనే వారిస్తే ఊరుకున్నాడు. నవ్య పుస్తకాలన్నీ సంచిలో కుక్కి అటక మీద పెట్టింది.

అడిగింది దొరికింది. అయినా శ్యామలకు అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున నవ్య గ్రౌండుకు పోలేదు, "ఈజోటీ" అనలేదు. మౌనంగా పళ్ళు తోముకుని మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ నిశ్శబ్దం శ్యామలకు కొత్త భయం పెట్టింది. పిల్ల ఏమైనా చేసుకుంటే? పరీక్ష తప్పిందని, ఏదో అయిందని కాలనీలో వినే కబుర్లన్నీ తలలో తిరిగాయి. గది తలుపు గడియ వెయ్యనివ్వకుండా తలుపు సందులో అడ్డంగా చీపురు పెట్టింది. వంటింట్లోంచి ఊరికే వచ్చి తొంగి చూసింది.

చివరికి అన్నకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. ఆ ఊరు విడిచి ఖానాపూర్లో ఉంటున్నాడు పర్శరాములు. "అన్నా, ఒక్కసారి రారాదు. నా మాట అది ఇన్నట్టే ఇన్నది గని మనసుల పెట్టుకున్నది. నువ్వు నీ నోటితోని వద్దని చెప్తే నిమ్మలపడ్తది."

ఎండ దిగకముందే వచ్చాడు. ఎడమ చేతిలో సంచి, అందులో తునికి పండ్లు. కుడి చెయ్యి ఎప్పటిలాగే తువ్వాల కింద. "ఏమే పిల్లా, కొత్త కానిస్టేబులు మేడం," అంటూ మంచం మీద కూర్చున్నాడు. "మామకు సలాం కొట్టవా?"

నవ్య లేచి కూర్చుంది. నవ్వలేదు. "సారీ మామా. నీ చెయ్యి సంగతి నాకు తెల్వదు."

"నాకే తెల్వలే, నేను గంత ఫేమస్ అయిన్నని." తువ్వాల తీసి చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఏదీ, మీ అవ్వ కాలవెట్టింది ఏందో నాకు చూపియ్యి."

"అన్నా, నిన్ను పిలిచింది గందుకు గాదు," అంది శ్యామల తలుపు దగ్గర నించుని.

"ఆగు చెల్లే. చూడకుండనే వద్దంటనా?"

నవ్య ఒక చిత్తుకాగితం తీసుకుని పులి రాసింది, కింద అంకెలు వేసింది. ఏ అక్షరం ఎన్నోదో లెక్కపెట్టి చూపించింది. పర్శరాములు వంగి చూశాడు. తర్వాత అడవి మాట మీద ఎడమ చేతి వేలు పెట్టి ఒక్కో అక్షరం లెక్కపెట్టాడు. నడుమ ఒకచోట తప్పాడు, నవ్య సరిదిద్దింది. ఆఖరి అంకె చెప్పి గట్టిగా నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"గిదా! గిసోంటిదే నేను గూడ రాసింది. నన్నడిగిండ్రు ఆ నాడు, ఎవడు నేర్పిండ్రా ఈ భాష అని. ఇప్పుడేమో వాళ్ళే పరీక్ష పెట్టి మార్కులు ఇస్తుండ్రా? బాగనే ఉన్నది."

"నవ్వుతవేందన్నా?" శ్యామల లోపలికి వచ్చింది. "దానికి వద్దని చెప్పు."

పర్శరాములు నవ్వు ఆపాడు. చెల్లెలి వైపు తిరిగాడు.

"నన్ను కొట్టినోడు మంచోడో చెడ్డోడో నాకు తెల్వదే. ఆ మొకం ఇప్పటికీ కలలకొస్తది, మాఫ్ గూడ చెయ్యలే. గని ఒకటి మాత్రం చూసిన. ఆ కాయితం చూడంగనే వాడు బుగులు వడ్డడు. దాంట్ల ఏమున్నదో వానికి సమజ్ గాలే. సమజ్ గానిదాన్ని ఇడిచిపెడితే ఏమైతదో అని బుగులు." కాస్త ఆగాడు. "నిన్న నువ్వు గూడ గట్లనే గదా చేసినవ్. వాడు నా చెయ్యి మీద ఏసిండు, నువ్వు పొయ్యిల ఏసినవ్. పిల్లను పిలిచి ఇదేంది బిడ్డా అని ఒక్క మాట ముందు అడగలేకపోతివి."

శ్యామల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నిన్ను అంటలేను చెల్లే. నీ బుగులు నా కోసమే పుట్టింది, నాకెరుక లేదా? గని ఆ ఠాణాల నాడు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, కాయితం చేతుల వట్టుకుని ఇదేంది తమ్మీ అని నిమ్మలంగ అడిగి ఉంటే, నా వేళ్ళు నాకు ఉండేటియి. గసోంటోళ్ళు ఆడ కూసోవాలె అని నాకు ఎన్నిసార్లు అనిపించిందో. మన ఇంట్లకెంచే ఒకతి పోతనంటే నేనెట్ల వద్దంట?" నవ్య వైపు చూశాడు. "గని పిల్లా, ఆ బట్టలేసుకున్నంక నువ్వు గూడ అడగకుండ చెయ్యి లేపితే, మామ ఇంటికి రాకు. గీ మాట యాదుంచుకో."

నవ్య మామ కుడి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. తల ఊపింది. బాలమల్లు గడప దగ్గర నిలబడి తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

శ్యామల వంటింట్లోకి వెళ్ళింది. లోపలినుంచి గిన్నెల చప్పుడేమీ వినిపించలేదు. చాలాసేపు రాకపోతే నవ్య వెళ్ళి చూసింది. తల్లి పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా క్యాలెండరులోంచి చింపిన పాత నెల కాగితం, వెనకవైపు తిప్పి ఉంది. చేతిలో పెన్ను. ఏడో తరగతి పిల్ల రాతలో గుండ్రంగా, పెద్దపెద్దగా ఏ, బీ, సీ, డీ రాసుకుంటూ పోతోంది. ఒక్కో అక్షరం కింద ఒక్కో అంకె. పెదవులు కదులుతున్నాయి. ఓ దగ్గర ఆగి వేళ్ళు లెక్కపెట్టుకుంది.

"ఓ పదిహేనేనా?" తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ, పదిహేనే అవ్వా."

జెడ్ దాకా రాసి ముగించింది. గిన్నెలోంచి నాలుగు అన్నం మెతుకులు తీసి కాగితం మూలలకు పాముకుంది. కూతురి గదిలోకి వచ్చి బీరువా తలుపు తెరిచి, పాతది ఉన్నచోటే ఒత్తి ఒత్తి అతికించింది. ఒక మూల లేస్తుంటే అరచేత్తో నొక్కిపట్టి నిలబడింది.

"ఏమన్న తప్పున్నదా చూడు బిడ్డా."

నవ్య వెనకనుంచి తల్లిని చుట్టేసుకుంది. "లేదవ్వా. అన్నీ కరెక్టే."

"రేపు నేను గూడ వస్త సెంటరు దాక. గేటు బయట కూసుంట." తలుపు మీది చెయ్యి తియ్యకుండానే శ్యామల అంది, "పో, రాయి. గని బిడ్డా, ఇది జేబుల మాత్రం పెట్టుకోకు."

"పెట్టుకోనవ్వా," అంది నవ్య ఆమె భుజంలో ముఖం దాచుకుని. "జేబుల ఏమున్నా వాళ్ళే లోపలికి పోనియ్యరు."

"గట్లనా?" శ్యామల ఊపిరి వదిలింది. "గదే మంచిది."