చార్లీ వేసిన భీమిలి ప్లాన్

మా ఆయన చార్లీకి ప్రయాణాలకంటే వాటికి ప్లాన్లు వేయడమే ఇష్టం. పటాన్‌చెరులో ఉన్నప్పుడు సంగారెడ్డి పోయి రావడానికి కూడా రెండు దార్లు ఆలోచించేవాడు. మందుల ఫ్యాక్టరీవాళ్లు విశాఖపట్నం బదిలీ చేశాక ఇక చెప్పాలా! క్రిస్మస్ సెలవులకు నేనూ, ఐదేళ్ల మా అంకితా అక్కడికి వెళ్లాలి. విశాఖలో దిగి, ఒక రోజు రైల్లో అరకు, పాపకు సముద్రం చూపించడానికి ఒక పూట భీమిలి, చలికి తట్టుకుంటే ఒక రాత్రి లంబసింగి. డ్యూటీ దిగగానే ఫోన్ చేసి రోజూ ఇదే మాట. ఆటపట్టించేదాన్ని గానీ, ఆ సెలవుల కోసం అతనికంటే నేనే ఎక్కువ ఎదురుచూశాను.

ఆ సాయంత్రం పటాన్‌చెరులో మంచు ముందే దిగింది. ఫ్యాక్టరీల పొగ పైకి పోలేక మా వీధిలోనే నిలిచిపోయింది. కుళ్లిన గుడ్ల వాసన. కిటికీలు మూసి అన్నం వారుస్తుంటే నా ఫోన్ మోగింది. అంకిత ఎత్తింది.

"డాడీ! అరకు వద్దా? ముందు భీమిలికే పోదామా?" అంటూ వాకిట్లోకి నడిచింది.

అంతలో మా అత్తమ్మ మార్తమ్మ ఫోన్ కూడా మోగింది. విని, గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఏందత్తమ్మా?"

"చార్లీ... పొద్దుగాల డ్యూటీల ట్యాంకు పేలిందంట బిడ్డా. నా కొడుకు లేడంట."

నిజం చెబుతున్నాను, నాకు నవ్వొచ్చింది. "గిప్పుడే పాపతోని మాట్లాడుతుండు గదా!"

ఆమె తన ఫోన్ నా చెవికి ఆనించింది. అవతల ఫ్యాక్టరీ సెక్యూరిటీ అతను.

"లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వమండి. చార్లీగారిది పొద్దున నేనే స్విచ్ఛాఫ్ చేసి గేటు దగ్గర డబ్బాలో పెట్టాను. ఇదిగో, ఇప్పుడు నా చేతిలోనే ఉంది."

వాకిట్లో అంకిత కిలకిలా నవ్వింది.

పరుగెత్తి ఫోన్ లాక్కున్నాను. గాలి హోరు... నీళ్లు... వాటి వెనక చార్లీ గొంతు.

"జెన్నీ, పాప వస్తనన్నది. ముందు మేమిద్దరం పోతం. నువ్వు తర్వాత రా."

"దాన్ని ఇడువు చార్లీ... నీకు దండం పెడత... నేనొస్త."

"సముద్రం సూపిస్తనని మాటిచ్చిన."

ఫోన్ నేలకేసి కొట్టాను. ముక్కలైంది. హోరు ఆగలేదు... అది గేటు అవతలి నుంచి వస్తోంది.

అంకిత గేటు దగ్గర ఉంది. వెనకనుంచి వాటేసుకున్నాను. గౌను మోకాళ్ల దాకా తడిసి ఉంది. పచ్చి చేపల వాసన.

లోపలికి లాగాను. రాలేదు. నా బలమంతా చాలలేదు. దాని కుడిచెయ్యి గేటు సందులోంచి బయటికి చాచి ఉంది. ఎవరిదో వేలు పట్టుకున్నట్టు పిడికిలి బిగిసి ఉంది. బయట ఎవరూ లేరు.

"జెర ఆగు డాడీ," గుసగుసగా అంది. "మమ్మీ ఇడుస్తలేదు."

నా కళ్ల ముందే గేటు గడియ మెల్లగా పైకి లేచింది.